పంటి డాక్టరును ఎలా ఎంచుకోవాలి, చెప్పిన చికిత్సను ఎలా అర్థం చేసుకోవాలి: నల్లగొండ, పాలమూరు పాఠకుల కోసం

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వంటి పట్టణాల్లో పంటి డాక్టరు దొరకడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. అసలు ఇబ్బంది కుర్చీలో పడుకున్న తర్వాత మొదలవుతుంది. డాక్టరు నోట్లోకి ఒకసారి చూసి, "దీనికి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలి, పక్కదానికి సిమెంట్ పెట్టాలి, వెనకాల జ్ఞానదంతం తీసేయాలి" అని ఒక్క గుక్కలో చెప్పినప్పుడు, నోరు తెరుచుకుని ఉన్న మనిషి తలాడించడం తప్ప ఏమీ అడగలేడు. ఆ మాటల వెనుక ఉన్న పని ఏమిటో కొంతైనా తెలిసిన వారికే తమ ముందున్న డాక్టరు సరిగ్గా చెబుతున్నారో లేదో అంచనా వేయడం సాధ్యమవుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో డాక్టరును ఎంచుకోవడం గురించి, చికిత్సల గురించి విడదీయకుండా కలిపే చెబుతున్నాను.

ముందుగా తొందర ఎంతో తేల్చుకోండి

పంటి జబ్బుల్లో చాలావరకు రెండు మూడు రోజులు ఆగి, విచారించి, మంచి చోటికి వెళ్లే వ్యవధి ఉంటుంది. కొన్నింటికి ఆ వ్యవధి ఉండదు. చెంప లేదా దవడ కింద వాపు వచ్చి జ్వరం కూడా ఉన్నా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, వాపు మెడ మీదికి గాని కంటి దాకా గాని పాకుతున్నా అది క్లినిక్కు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసే విషయం కాదు. నల్లగొండ లేదా మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి అదే రాత్రి వెళ్లాలి. ఊపిరి అందడం లేదనిపిస్తే 108కి ఫోన్ చేయాలి.

బండి మీద నుంచి పడో, ఆటలో దెబ్బ తగిలో శాశ్వత దంతం వేరుతో సహా ఊడి వచ్చినప్పుడు కూడా నిమిషాలే లెక్క. ఆ పన్నును వేరు దగ్గర పట్టుకోకుండా, నోట్లో బయటికి కనిపించే భాగం దగ్గరే పట్టుకోవాలి. మట్టి అంటితే చల్లని నీటితోనో పాలతోనో ఒకసారి మెల్లగా కడగాలి తప్ప రుద్దకూడదు. వీలైతే వచ్చిన గుంటలోనే తిరిగి నిలబెట్టాలి, ధైర్యం చాలకపోతే చల్లని పాలలో వేసుకుని అరగంటలో, మహా అయితే గంటలోపు డాక్టరు దగ్గరికి చేరాలి. ఇలా తిరిగి అతికే అవకాశం శాశ్వత దంతాలకే ఉంది. పాలపన్ను ఊడితే దాన్ని మళ్లీ గుంటలో పెట్టకూడదు.

మామూలు నొప్పి అయితే, అది ఎలా వస్తున్నదో గమనించి వెళ్లడం మీకూ డాక్టరుకూ మేలు. చల్లని నీళ్లు తగిలినప్పుడు జివ్వుమని కొన్ని క్షణాల్లో తగ్గిపోతే, పుచ్చు ఇంకా నరం దాకా పోలేదని గాని, చిగురు దిగి వేరు బయటపడిందని గాని అనుకోవచ్చు. వేడి టీ తాగిన తర్వాత నిమిషాల తరబడి గుంజుతూ, రాత్రి పడుకోగానే ఎక్కువయ్యే నొప్పి సాధారణంగా నరం వాచిందనడానికి గుర్తు. కొరికినప్పుడే నొప్పి వస్తే వేరు కొనలో చీము పట్టడమో, పన్ను పగలడమో కారణం కావచ్చు. నాలుగు రోజులు చుక్కలు చూపించిన నొప్పి అయిదో రోజు తనంతట తానే పోతే సంతోషించవద్దు. చాలాసార్లు నరం చచ్చిపోవడం వల్ల నొప్పి ఆగుతుంది, లోపలి ఇన్‌ఫెక్షన్ మాత్రం ఎముకలోకి నడుస్తూనే ఉంటుంది.

ఈలోగా పుచ్చిన పన్ను దగ్గర నొప్పి మాత్రను నలిపి పెట్టడం, లవంగ నూనెను దూదితో చిగురంతా పూయడం, వాపు మీద వేడి కాపడం పెట్టడం మానుకోండి. మొదటి రెండూ చిగురును కాలుస్తాయి, మూడోది వాపును పెంచవచ్చు. ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉండవచ్చు గాని, యాంటీబయాటిక్ మందు పుచ్చును పూడ్చదు, చచ్చిన నరాన్ని తీయదు. నెలకొకసారి అదే ఇంజెక్షన్‌తో ఏడాది గడిపి, చివరికి పన్నునే పోగొట్టుకున్న వారు మన పల్లెల్లో కొల్లలు.

ఎక్కడికి వెళ్లవచ్చు

మీ ముందు మూడు దారులు ఉంటాయి. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, చాలా ఏరియా ఆసుపత్రుల్లోనూ దంత విభాగం ఉంటుంది. పరీక్ష, మందులు, పన్ను తీయడం వంటి వాటికి అది చాలు. రూట్ కెనాల్, క్యాప్ వంటివి అక్కడ చేస్తారో లేదో ఓపీ చీటీ రాయించుకునే చోటే అడిగితే ఒక పూట కలిసివస్తుంది.

రెండోది దంత వైద్య కళాశాల. నార్కట్‌పల్లిలో కామినేని దంత వైద్య కళాశాల, మహబూబ్‌నగర్‌లో ఎస్‌వీఎస్ దంత వైద్య కళాశాల ఉన్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కళాశాలలో మీ పన్ను మీద పని చేసేది విద్యార్థి అయినా, ప్రతి దశలోనూ అధ్యాపకుడు వచ్చి చూసి సరేనన్న తర్వాతే ముందుకు వెళ్లాలన్నది అక్కడి పద్ధతి. ఫీజు బయటి క్లినిక్కుల కంటే సాధారణంగా తక్కువగా ఉంటుంది, అన్ని విభాగాల వారూ ఒకే కప్పు కింద దొరుకుతారు. దానికి బదులుగా మీరు ఇవ్వవలసింది సమయం. క్లినిక్కులో ఒక సిట్టింగులో అయ్యే పనికి ఇక్కడ రెండు మూడు సార్లు తిరగవలసి రావచ్చు. కూలి పోగొట్టుకుని దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చే వారు బస్సు ఖర్చునూ పోయిన కూలినీ కలిపి లెక్క వేసుకున్న తర్వాతే ఏది చౌకో నిర్ణయించుకోవాలి. నా అభిప్రాయంలో పూర్తి పళ్ల సెట్టు, కష్టమైన జ్ఞానదంతం, పిల్లల చికిత్స వంటి వాటికి కళాశాల దారి తప్పకుండా ఆలోచించదగినది.

మూడోది ప్రైవేటు క్లినిక్కు. ఇక్కడ మన చిన్న పట్టణాల్లో ఒక ప్రత్యేకమైన ఏర్పాటు ఉన్నదని తెలుసుకోండి. రోజూ కూర్చునే డాక్టరు బీడీఎస్ చదివిన వారు అయి ఉంటారు, రూట్ కెనాల్‌కో క్లిప్పులకో ఇంప్లాంట్‌కో హైదరాబాద్ నుంచి స్పెషలిస్టు వారానికి ఒకసారి, ఎక్కువగా ఆదివారాలు, వచ్చి వెళుతుంటారు. ఇందులో తప్పేమీ లేదు, నిజానికి మంచిదే. కాకపోతే "ఈ పని ఎవరు చేస్తారు, సోమవారం రాత్రి నొప్పి వస్తే ఎవరు చూస్తారు" అని ముందే అడిగి పెట్టుకోవాలి.

ఈ మూడు దారుల్లోనూ లేని నాలుగో రకం ఒకటి ఉంది. ఏ చదువూ లేకుండా పళ్లు కట్టేవారు కొన్ని పట్టణాల్లో ఇప్పటికీ కనిపిస్తారు. ఊడిన పన్ను చోట ప్లాస్టిక్ పన్ను పెట్టి, పక్క పళ్లకు తీగ చుట్టి, పొడీ ద్రవమూ కలిపిన ముద్దతో అక్కడికక్కడే అతికించేస్తారు. గంటలో పని అయిపోతుంది, ధర తక్కువ, పన్ను కదలదు. అయితే ఆ ముద్ద కింద అన్నం మెతుకులు ఇరుక్కుని చిగురు కుళ్లుతుంది, దానికి ఆనుకున్న మంచి పళ్లు కూడా కదిలిపోతాయి. ఒక పన్ను కోసం వెళ్లిన వారు మూడు పళ్లు పోగొట్టుకుంటారు. అలాంటిది ఇప్పటికే మీ నోట్లో ఉంటే, నొప్పి లేకపోయినా డాక్టరుకు చూపించి తీయించుకోవడం మంచిది.

డాక్టరును, క్లినిక్కును పరిశీలించే పద్ధతి

చట్టం ప్రకారం రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో పేరు నమోదైన వారే దంత వైద్యం చేయాలి. బోర్డు మీద గాని, మందుల చీటీ మీద గాని పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా చూడండి. బీడీఎస్ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్ల చదువు. పన్ను తీయడం, ఫిల్లింగు, క్లీనింగు, రూట్ కెనాల్, క్యాప్ అన్నీ బీడీఎస్ డాక్టరు చేయవచ్చు. ఎండీఎస్ అంటే ఆపైన ఒక శాఖలో మూడేళ్లు. రూట్ కెనాల్‌కు ఎండోడాంటిస్ట్, చిగుళ్లకు పెరియోడాంటిస్ట్, క్లిప్పులకు ఆర్థోడాంటిస్ట్, కట్టుడు పళ్లకు ప్రోస్థోడాంటిస్ట్, పిల్లలకు పెడోడాంటిస్ట్, దవడ శస్త్రచికిత్సకు ఓరల్ సర్జన్ ఉంటారు. బోర్డు మీద ఎండీఎస్ అని మాత్రమే రాసి ఉంటే ఏ శాఖలో అని అడగడం మర్యాద తప్పడం కాదు.

తర్వాత చూడవలసింది పరిశుభ్రత. ఏసీ, టీవీ, మెరిసే టైల్స్ మీద కళ్లు పెట్టకండి, పనిముట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకంటే ఎక్కువ, వేడెక్కే ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసిన పనిముట్లు, ఒక వైపు కాగితం మరో వైపు ప్లాస్టిక్ ఉన్న చిన్న సంచిలో సీలు వేసి ఉంటాయి. ఆ సంచి మీద ఉండే గుర్తు వేడి తగిలాక రంగు మారుతుంది. దాన్ని మీ ముందే చింపి పనిముట్లు బయటికి తీయాలి. స్టీలు గిన్నెలో నీళ్లు మరిగించి తీసిన పనిముట్లు శుభ్రంగా కనిపించినా శుద్ధి అయినట్టు కాదు. కామెర్లను కలిగించే హెపటైటిస్-బి వంటి వైరస్‌లు రక్తం ద్వారా పాకుతాయి. అందువల్ల సూది కొత్తదేనా, గ్లౌజులు మీ కోసం మార్చారా అన్నవి కూడా చూడవలసిందే. "పనిముట్లు ఎట్లా శుద్ధి చేస్తారు సార్?" అని అడిగితే మంచి డాక్టరు నొచ్చుకోరు, చాలామంది ఆటోక్లేవ్ చూపించి మరీ చెబుతారు.

ఇక ముఖ్యమైన పరీక్ష మాట తీరు. ఎక్స్‌రే లేకుండా రూట్ కెనాల్ అవసరమని తేల్చేసిన చోట, ఉచిత శిబిరంలో రెండు నిమిషాలు చూసి పది పళ్ల పని చీటీ రాసి ఇచ్చిన చోట తొందరపడి డబ్బు కట్టవద్దు. ఆ చీటీ తెచ్చుకుని మరో డాక్టరుకు చూపించండి.

మొదటిసారి వెళ్లినప్పుడు

మీరు వాడే మందులన్నీ, అట్టలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి. బీపీ, షుగరు, గుండె జబ్బు, ఆస్తమా, ఫిట్స్, ఏదైనా మందు పడకపోవడం, గర్భం, ఇవన్నీ అడగకపోయినా మీరే చెప్పాలి. షుగరు ఉన్నవారు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. పొద్దున మామూలుగా తిని, మాత్ర వేసుకుని, ఉదయం వేళ అపాయింట్‌మెంట్ తీసుకోవడం మంచిది. గుండెకు స్టెంట్ పడి రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవారు పన్ను తీయించుకోవడానికని వాటిని సొంతంగా ఆపేయడం ప్రమాదం. అది గుండె డాక్టరు, పంటి డాక్టరు మాట్లాడుకుని తేల్చవలసిన విషయం. గర్భిణులకు నాలుగు నుంచి ఆరో నెల దాకా పంటి పనులకు అనువైన కాలం, అయినా చీము, వాపు ఉంటే ఏ నెలలోనైనా చూపించుకోవాలి.

డాక్టరు చిన్న ఎక్స్‌రే తీసినప్పుడు దాన్ని మీకు చూపించమని అడగండి. అందులో పన్ను తెల్లగా, పుచ్చిన చోటు నల్లగా కనిపిస్తుంది. ఆ నలుపు పన్ను మధ్యలోని నరం గదిని తాకిందా, లేక ఇంకా దూరంగా ఉందా అన్నది చదువు లేని వారికి కూడా చూపిస్తే తెలుస్తుంది. వేరు కొన చుట్టూ గుండ్రంగా నల్లని నీడ ఉంటే ఎముకలో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు. ఈ బొమ్మను ముందు పెట్టుకుని మూడు ప్రశ్నలు అడగండి: ఈ పంటికి ఏమైంది, దీనికి ఇంకో దారి ఏదైనా ఉందా, ఇప్పుడు చేయించకపోతే ఏమవుతుంది? వీటికి ఓపికగా జవాబు చెప్పే డాక్టరు దొరికితే మీ పని సగం అయినట్టే.

చికిత్సల వివరాలు

క్లీనింగు, అంటే స్కేలింగు, గురించి మన దగ్గర ఉన్నంత అపోహ మరి దేని గురించీ లేదు. పంటి మీది పాచి రోజులు గడిచేకొద్దీ గట్టిపడి రాయిలా పేరుకుంటుంది, బ్రష్షుతో పోదు. సన్నగా కంపించే పరికరంతో దాన్ని రాలగొడతారు. క్లీనింగు తర్వాత సందులు కనిపిస్తే, పన్ను కదులుతున్నట్టు అనిపిస్తే, "పళ్లు గీకి వదులు చేశారు" అంటారు. నిజానికి ఆ సందును అప్పటిదాకా రాయి నింపి ఉంచింది, కింద ఎముక ముందే కరిగిపోయింది. కొన్ని రోజులు చల్లటివి తగిలితే జివ్వుమంటుంది, తర్వాత తగ్గుతుంది. బ్రష్షు చేసేటప్పుడు రక్తం వచ్చే వారికి ఇది మొదట చేయవలసిన పని.

పుచ్చు నరం దాకా పోకముందే చూపించుకుంటే ఫిల్లింగుతో సరిపోతుంది. ఊర్లలో దేన్నైనా సిమెంట్ అనే అంటారు గాని, వాటిలో తేడా ఉంది. గ్లాస్ అయనోమర్ అనే రకం చౌక, చిగురు దగ్గర గుంటలకూ పాలపళ్లకూ బాగుంటుంది, కొరికే ఒత్తిడికి అంతగా ఆగదు. పంటి రంగులో ఉండి నీలి కాంతితో గట్టిపరిచే కాంపోజిట్ ఎక్కువ కాలం నిలుస్తుంది, ఖర్చు ఎక్కువ.

రూట్ కెనాల్‌ను కొంచెం వివరంగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బూ ఎక్కువ భయమూ దీని చుట్టూనే ఉన్నాయి. పన్ను లోపల మధ్యలో నరమూ రక్తనాళాలూ ఉన్న మెత్తని భాగం ఉంటుంది, అది వేర్లలోని సన్నని కాలువల గుండా ఎముకలోకి వెళుతుంది. పుచ్చు అక్కడికి చేరితే ఆ భాగాన్ని తీసేయడం తప్ప బాగుచేసే వీలు చాలావరకు ఉండదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పన్ను పైన చిన్న దారి చేసి, జుట్టంత సన్నని ఫైళ్లతో కాలువలను శుభ్రం చేసి, మందు నీళ్లతో కడిగి, గట్టా పెర్చా అనే రబ్బరు వంటి పదార్థంతో నింపేస్తారు. ముందు పళ్లకు సాధారణంగా ఒక కాలువ, వెనుక దవడ పళ్లకు మూడు నాలుగు ఉంటాయి కాబట్టి వెనుక పంటికి సమయమూ ఖర్చూ పెరుగుతాయి. ఒక సిట్టింగులో అవుతుందా, మూడు అవుతాయా అన్నది ఇన్‌ఫెక్షన్‌ను బట్టి ఉంటుంది. మత్తు బాగా ఎక్కితే చేసేటప్పుడు నొప్పి ఉండదు. తర్వాత రెండు మూడు రోజులు కొరికితే సలుపుతుంది.

ఇక్కడ మన ప్రాంతంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. మొదటి సిట్టింగుతోనే నొప్పి పోతుంది. పత్తి ఏరే రోజులో నాట్లు పడే రోజులో అయితే మిగిలిన సిట్టింగులకు రావడం మానేస్తారు. పైన పెట్టిన తాత్కాలిక సిమెంట్ కొన్ని వారాలకు అరిగిపోయి, లోపలికి ఉమ్మి దిగి, మొదటికి వస్తుంది. పూర్తయిన తర్వాత క్యాప్, అంటే పంటి మీది తొడుగు, వేయించుకోకపోవడం కూడా ఇలాంటిదే. ఇప్పటికే పుచ్చి, లోపల తొలిచిన దవడ పన్ను సగం గోడలతో నిలబడి ఉంటుంది, సంక్రాంతి సకినం ఒకటి గట్టిగా కొరికితే నిలువునా చీలవచ్చు, చీలిన పన్నును తీసేయడమే గతి. కాబట్టి వెనుక పంటికి ధర అడిగేటప్పుడు రూట్ కెనాల్, క్యాప్ రెండూ కలిపి అడగండి.

క్యాపుల్లో పూర్తి లోహం, లోహం మీద పింగాణీ, జిర్కోనియా అని మూడు రకాలు సాధారణంగా చెబుతారు. నవ్వినప్పుడు కనిపించని చివరి దవడ పంటికి పూర్తి లోహపు క్యాప్ చౌక, గట్టి, పైగా పన్నును తక్కువగా అరగదీస్తే చాలు. అక్కడ ఖరీదైనదే వేయించుకోవాలన్న నియమం ఏమీ లేదు. గిల్టు నగలు పెట్టుకుంటే దురద పుట్టే వారు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే చాలా లోహపు క్యాపుల్లో నికెల్ ఉంటుంది.

పన్ను తీయించుకోవడం చివరి దారి అయినా, కొన్నిసార్లు అదే సరైనది. పైపన్ను పీకితే కంటిచూపు పోతుందన్న మాటలో నిజం లేదు. తీసిన తర్వాత దూదిని అరగంట నుంచి ముప్పావుగంట గట్టిగా కొరికి పట్టాలి. ఆ రోజంతా పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో తాగడం, బీడీ, సిగరెట్టు, కల్లు కూడదు. గుంటలో గడ్డకట్టిన రక్తమే గాయానికి మూత, అది ఊడితే మూడు నాలుగు రోజులకు చెవి దాకా గుంజే నొప్పి మొదలవుతుంది. అలా అయితే మళ్లీ వెళ్లాలి, గుంట కడిగి మందు పెడతారు. మరుసటి రోజు నుంచి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించవచ్చు. మెట్రోనిడజోల్ మాత్ర రాసి ఇస్తే కోర్సు అయిపోయేదాకా, ఆపైన కనీసం రెండు రోజులు కల్లు, మద్యం ముట్టకూడదు. జ్ఞానదంతం అడ్డంగా ఇరుక్కుంటే చిగురు కోసి తీయవలసి వస్తుంది, కుట్లు పడతాయి, వాపు మూడు నాలుగు రోజులు ఉంటుంది. ఏ బాధా పెట్టని జ్ఞానదంతాన్ని మాత్రం ఎందుకు తీయాలో డాక్టరు ఎక్స్‌రే మీద చూపించి చెప్పగలగాలి.

పోయిన పన్ను చోట పెట్టించుకోవడానికి తీసి పెట్టుకునే పన్ను, బ్రిడ్జి, ఇంప్లాంట్ అని మూడు దారులు. బ్రిడ్జి అంటే పక్క పళ్లకు తొడిగి మధ్య ఖాళీని నింపే కట్టుడు పళ్ల వరుస, దాని కోసం అటు ఇటు ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. ఆ రెండూ ఏ జబ్బూ లేని పళ్లయితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఇంప్లాంట్ అంటే ఎముకలో దించే టైటానియం మర, అది ఎముకతో అతుక్కోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. షుగరు అదుపులో లేని వారికి, పొగతాగే వారికి విఫలమయ్యే అవకాశం ఎక్కువ. పెద్దవారికి పూర్తి పళ్ల సెట్టు కట్టించేటప్పుడు, మొదటి వారాల్లో జొన్నరొట్టె కొరకలేరని, పులుసులో నానబెట్టి తినవలసి ఉంటుందని, పుండు పడితే సెట్టును సరిచేయించుకోవాలని ఇంట్లోవారు ముందే నచ్చజెప్పాలి. లేకపోతే ఆ సెట్టు డబ్బాలోనే ఉండిపోతుంది.

గార పళ్ల సంగతి

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతాల వారికి ఈ భాగం ప్రత్యేకం. బోరు నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటితే, పళ్లు లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్ల పింగాణీ, అంటే ఎనామెల్ అనే గట్టి పైపొర, సరిగా కట్టదు. మొదట సుద్ద గీతలు, తర్వాత గోధుమ రంగు మరకలు, తీవ్రమైతే గుంటలు పడతాయి. ఆ వయసు దాటిన వారి పళ్లకు కొత్తగా ఈ మరకలు రావు, అయితే ఎముకలకు హాని చేసే అవకాశం ఉంటుంది కాబట్టి పెద్దవారూ ఆ నీళ్లు తాగకూడదు. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన నల్లగొండ పేరే పెట్టారు; అది గర్వపడవలసిన గుర్తింపో కాదో మీరే చెప్పాలి. 2016లో మిషన్ భగీరథ మొదలైన తర్వాత కృష్ణా నీళ్లు వచ్చిన ఊళ్లలో, తాగడానికీ వండడానికీ ఆ నీళ్లే వాడుతున్నారా అన్నది ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నవారు చూసుకోవాలి.

చికిత్స విషయానికి వస్తే, ఈ మరక పంటి లోపలిది కాబట్టి క్లీనింగుతో పోదు. పోతుందని డబ్బు తీసుకునే వారిని నమ్మవద్దు, ఆమ్లం పూసి రుద్దే వారి దగ్గరికి అసలే వెళ్లవద్దు. తేలికపాటి మరకలకు పైపొరను అతి పలుచగా అరగదీసే మైక్రోఅబ్రేషన్, దానితో పాటు అవసరమైతే బ్లీచింగు సరిపోవచ్చు. ముదురు మరకలకు కాంపోజిట్ పూత, అదీ చాలకపోతే ముందు వైపు అతికించే పలుచని వెనీర్, గుంటలు పడి విరుగుతున్న పళ్లకు క్యాప్. ఈ వరుసలోనే, తక్కువ నష్టం చేసే దాని నుంచి మొదలుపెట్టమని అడగండి. పెళ్లి చూపుల తొందరలో ఇరవై ఏళ్ల అమ్మాయి ఆరు ముందు పళ్లను అరగదీసి క్యాపులు వేయిస్తే, వాటిని జీవితకాలంలో ఒకటి రెండుసార్లు మార్చవలసి వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పరు. ఫ్లోరైడ్ సోకిన పింగాణీకి అతుకు అంత సులభంగా పట్టదు, పంటిని సిద్ధం చేయడానికి మామూలు కంటే ఎక్కువ సమయం తీసుకోవలసి ఉంటుంది. అందువల్ల ఇలాంటి పళ్లకు పూతలు, వెనీర్లు ఇంతకుముందు చేసిన అనుభవం ఉందా అని అడిగి, చేసిన వాటి ఫొటోలు చూపించమనండి.

మన నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉంటే ఫ్లోరైడ్ పేస్టు వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. పెద్దలు పేస్టును ఉమ్మేస్తారు కాబట్టి వాడవచ్చు. మింగేసే వయసు పిల్లలకు మాత్రం మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠానీ గింజంత మించకుండా, పెద్దవారు పక్కన నిలబడి వేయాలి. మీ ఊరి నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పి పేస్టు ఎంచుకోండి.

పిల్లలు, పొగాకు

ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనుక కొత్తగా వచ్చే దవడ పన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తుంది. తల్లిదండ్రులు దాన్ని పాలపన్నే అనుకుని, పుచ్చినా "ఊడిపోయేదే కదా" అని వదిలేస్తారు. అది జీవితాంతం ఉండవలసిన పన్ను. దాని పైగాడులను మూసే సీలెంట్ చిన్న పని, నొప్పి లేనిది.

గుట్కా, తంబాకు, జర్దా అలవాటు ఉన్నవారు నోరు పూర్తిగా తెరిచి మూడు వేళ్లు నిలువుగా పెట్టి చూసుకోవాలి. పట్టకపోయినా, కారం తగిలితే నోరంతా మండుతున్నా, తెల్లని మచ్చ గాని పుండు గాని రెండు మూడు వారాల్లో మానకపోయినా, వెంటనే దంత వైద్య కళాశాలలో చూపించాలి. ముక్క తీసి పరీక్షించాలంటే భయపడి వాయిదా వేయకండి. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఖర్చు, సిట్టింగులు, కాగితాలు

పని మొదలుపెట్టకముందే ఏ పంటికి ఏ పని, ఎన్ని సిట్టింగులు, మొత్తం ఎంత, క్యాప్ ఏ రకం అన్నది చీటీ మీద రాయించుకోండి. పని ముగిశాక వచ్చే రసీదు, జిర్కోనియా వంటి క్యాపులకు కంపెనీ ఇచ్చే గ్యారంటీ కార్డు, ఎక్స్‌రే ఫొటో ఒకచోట పెట్టండి. అన్నీ ఒకేసారి చేయించుకునే స్తోమత లేకపోతే దాపరికం లేకుండా చెప్పండి. నొప్పి, చీము ఉన్న పన్ను ముందు, లోతుగా పుచ్చినవి తర్వాత, అందానికి సంబంధించినవి చివర అన్న వరుసలో డాక్టరే సర్దుతారు.

పాలమూరు నుంచి ముంబై, పుణెలకు పనికి వెళ్లేవారు పండక్కి ఊరికి వచ్చినప్పుడు పంటి పని పెట్టుకుంటారు. తిరుగు ప్రయాణం తేదీని మొదటి రోజే డాక్టరుకు చెప్పండి. పన్ను తీయించుకోవలసి ఉంటే బస్సెక్కడానికి కనీసం వారం ముందు చేయించుకోవాలి. రూట్ కెనాల్ మధ్యలో వెళ్లక తప్పకపోతే ఎన్ని కాలువలు శుభ్రం చేశారో, లోపల ఏ మందు పెట్టారో రాయించుకుని, ఎక్స్‌రేను ఫోన్లో ఫొటో తీసుకుని వెళితే అక్కడి డాక్టరు మిగిలిన పనిని అక్కడి నుంచే కొనసాగించగలుగుతారు.